ఇరవై ఏడో నంబరు గొర్రె

గొర్రె అరుపు ఆగడం లేదు.

నేను ఆంబ్రోస్ చగ్ వంటింట్లోకి అడుగుపెట్టినప్పటి నుంచీ అది అరుస్తూనే ఉంది. కిటికీ అవతల దొడ్లో మందంతా గడ్డి నములుకుంటూ ఉంటే, అదొక్కటే కంచె పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది. కాసేపు ఆగుతుంది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ మొదలు. నా కాలు నాకు తెలియకుండానే బల్ల కింద ఆడుతోంది.

"ఇంకోసారి చెప్పండి మిస్టర్ చగ్," అన్నాను. "ఆదివారం సాయంత్రం సంగతి. మొదట్నుంచీ."

"ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానమ్మా!"

"మళ్ళీ చెప్పండి. నాకేం తొందర లేదు."

"నాకుంది," అన్నాడు గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ రేమండ్ స్టక్లీ.

కేసు ఆయనది. నేను సార్జెంట్‌ని, ఆయన కింద పని చెయ్యమని నన్ను వేశారు. పొలంలో ఒక మనిషిని కాల్చి చంపిన రైతు, చిరుతపులి అనుకుని కాల్చానంటున్నాడు. సోమవారం చావుల మీద విచారణ జరిపే కరోనర్ ముందు 'ప్రమాదం' అన్న ఒక్క మాట అనిపించేసి జిల్లా కేంద్రానికి వెళ్ళిపోవాలని స్టక్లీ ఆరాటం. ఇంగ్లండులో ఈ ఎక్స్‌మూర్ కొండల్లో పడే వాన ఆయన ఒంటికి పడదు. నేను కూడా పడను.

చగ్ అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. గొర్రెలు ఈనే రోజులు కావడంతో వారాల తరబడి నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి.

"పొద్దు వాలుతుంటే పైచేలో గొర్రెల్ని చూసొద్దామని వెళ్ళాను. తుపాకీ తీసుకునే వెళ్ళాను. గొర్రెపిల్లలు పోవడం మొదలెట్టినప్పటి నుంచీ అది లేకుండా ఆ చేలోకి పోలేదు. రాళ్ళ గోడ దగ్గర నల్లటిదేదో కదిలింది. నేల మీద పాకుతోంది. పెద్దది. కాల్చాను. దగ్గరికెళ్ళి చూస్తే మన ఎడ్విన్, పాత రాతి క్వారీ పక్క ఇంట్లో ఉండేవాడు."

"ఎంత దూరం?"

"ఇక్కణ్ణుంచి ఆ కొట్టం దాకా."

"కాల్చేముందు ఏమైనా అన్నారా?"

"పులితో ఏమంటానమ్మా?"

స్టక్లీ ఫక్కున నవ్వాడు. "చాల్లే లస్కోంబ్. ఈ కొండల్లో ఇంటికొకడు ఆ నల్లపులిని చూసినవాడే. పాదిరి గారు చూశారు, పాలవ్యాన్ డ్రైవరు చూశాడు. పోయినేడు పేపర్ల వాళ్ళు దానికోసం పబ్బులోనే కాపురం పెట్టారు. బెదిరిపోయి ఉన్న మనిషి మసక వెలుతురులో కాల్చాడు. ఇందులో ఇంకేం వెతుకుతావు?"

నేను ఆయన వైపు చూడలేదు.

"ఆ గొర్రె ఎందుకరుస్తోంది?" అని చగ్‌ని అడిగాను.

అంతసేపట్లో అతను మొదటిసారి తలెత్తి చూశాడు. చూసి వెంటనే దించుకున్నాడు.

"పిల్ల పోయింది. నక్క ఎత్తుకుపోయుంటుంది."

"ఎప్పుడు?"

"ఈ వారంలోనే."

"ఏ రోజు?"

"కాన్పుల రోజుల్లో వారాలూ వర్జ్యాలూ ఎవరికి గుర్తుంటాయమ్మా?"

లేచాను. "మీ ఆవిడతో ఒక మాట మాట్లాడొస్తాను."

"వెళ్ళు," అన్నాడు స్టక్లీ. "ఆ గొర్రెతో కూడా మాట్లాడి రా. సాక్షిగా పిలుద్దాం."

*

కారులోంచి ఒక పొట్లం తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. ఐవీ చగ్ చిన్న స్టూలు మీద కూర్చుని తల్లిలేని రెండు గొర్రెపిల్లలకి సీసాలతో పాలు పడుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"ఆయన్ని జైల్లో పెడతారా?"

"పొరపాటున కాలిస్తే పెట్టరు."

ఆమె ఊపిరి వదిలింది. నేను పొట్లం విప్పి ఎడ్విన్ కెర్స్‌లేక్ తొడుక్కున్న కోటు తీశాను. వీపు వైపు కనబడకుండా మడిచి, ముందు భాగం లోపలి గుడ్డ ఆమెకి చూపించాను. గుండె దగ్గర అరచెయ్యంత నీలం మరక.

"ఇదేమిటో చెప్పగలరా?"

"మేం గొర్రెలకి వేసే రంగు," అంది తడుముకోకుండా. "నీలం మాదొక్కరిదే. అవతలి పొలం వాళ్ళది ఎరుపు. ఈనగానే తల్లికీ పిల్లకీ ఒకే నంబరు వేస్తాం, కలిసిపోకుండా. ఎడ్విన్ ఎప్పుడైనా కంచెకి రాసుకుని ఉంటాడు."

స్టక్లీ కూడా అదే అన్నాడు. ఆ మరకని గేటు రంగు అని రాయించాడు కూడా.

"సరిగ్గా చూడండి. కంచెకి రాసుకుంటే కోటు పైన అంటుతుంది. ఇది లోపల ఉంది. పైగా ఇవి అంకెలు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి."

ఐవీ ముందుకి వంగింది. పెదవులు కదిలాయి. తర్వాత ఆమె తల మెల్లగా దొడ్డివైపు తిరిగింది. కంచె దగ్గర తిరుగుతున్న గొర్రె ఒంటి మీద నీలం రంగుతో ఇరవై ఏడు అని ఉంది.

"దీని పిల్లకి రంగు ఎవరు వేశారు?"

"నేనే." చూపు గొర్రె మీదే ఉంది. "ఆదివారం మధ్యాహ్నం ఈనింది. తల్లీపిల్లా కాస్త కుదుటపడ్డాక, టీ తాగేముందు వేశాను. ఆ రోజు తడిగాలి. త్వరగా ఆరలేదు."

"అంటే సాయంత్రం ఆ పిల్ల ఎడ్విన్ కోటు లోపల ఉంది. ఇంకా పచ్చిగా ఉన్న రంగు గుడ్డకి అంటుకుంది. మేం వచ్చి చూసేసరికి శవం ఉంది, పిల్ల లేదు. ఎవరు తీశారు ఐవీ గారూ?"

ఆమె చేతిలో సీసా ఒరిగిపోయింది. గొర్రెపిల్ల దాన్ని పట్టుకుని లాగుతోంది, ఆమెకి తెలియడం లేదు.

"ఎడ్విన్‌కి గొర్రెపిల్ల ఎందుకు?" అంది చివరికి. "మాంసం ముట్టని మనిషి. పోయిన క్రిస్మస్‌కి భోజనానికి పిలిచి బాతు వడ్డిస్తే, పళ్ళెం పక్కకి జరిపి బంగాళాదుంపలు తిన్నాడు. ఊళ్ళో అందరూ 'ఆకుల ఎడ్విన్' అని ఏడిపించేవాళ్ళు."

"అసలు అతనికీ మాంసానికీ సంబంధమే లేదా?"

"లేదు. ఆ... చచ్చిన పశువుల్ని ఎత్తుకెళ్ళే బండివాడు ఉండేవాడు. వాడు దూడల్నీ వాటినీ ఎడ్విన్‌కి వేసేవాడు. తోటకి ఎరువన్నాడట. క్రితం శీతాకాలం బండివాడు పోయాడు. మళ్ళీ ఎవరూ రాలేదు."

"మీ గొర్రెపిల్లలు పోవడం మొదలైంది ఎప్పుడు?"

"బండివాడు పోయాకే..." అంది ఐవీ. లెక్క ఆమెకే తేలిపోతోంది.

"ఆదివారం తుపాకీ పేలినప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ముందు ఆయన అరుపు వినబడింది, వెంటనే..." ఆగిపోయింది.

"ఏమని అరిచారు?"

"గాలి హోరు..."

"ఐవీ గారూ."

ఆమె కళ్ళు ఒత్తుకుంది. చేతికున్న పాలు మొహానికి అంటుకున్నాయి.

"పేరు పెట్టి పిలిచాడు," అంది.

*

నేను వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి స్టక్లీ వాన కోటు తొడుక్కుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను చగ్ ఎదురుగా నిలబడ్డాను. కూర్చోలేదు.

"పులిని చూసి 'ఎడ్విన్' అని ఎందుకు పిలిచారు మిస్టర్ చగ్?"

స్టక్లీ గుండీ పెట్టుకుంటున్న చెయ్యి ఆగింది.

చగ్ తలుపు వైపు చూశాడు. గుమ్మంలో ఐవీ నిలబడి ఉంది. ఆమె మొహం చూశాక అతనికి ఇక నన్ను చూడాల్సిన పని లేకపోయింది. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"కోటు గుండీలన్నీ పెట్టుకుని, గోడలో గొర్రెలు దూరే కంత ఉందే, దాని దగ్గర వంగి ఉన్నాడు," అన్నాడు. "గుండెల దగ్గర ఎత్తుగా కనబడింది. లోపల్నుంచి పిల్ల అరిచింది. పిలిచాను. లేచి నిలబడి నా వైపు చూశాడు. ఏదో చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తాడు."

"అప్పుడు కాల్చారు."

"అప్పుడు కాల్చాను. బోర్లా పడ్డాడు. పిల్ల కింద నలిగి చచ్చింది."

అతనే మళ్ళీ అందుకున్నాడు.

"పబ్బులో నా పక్కనే కూర్చునేవాడు. పిల్ల పోయినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేసి 'పాపం ఆంబ్రోస్' అనేవాడు. ఆ పులి కథ నేను అల్లింది కాదమ్మా. నేను నమ్మింది. చలిలో గోడ పక్కన పడుకుని కాపలా కాశాను దానికోసం. జనం నవ్వినా పడ్డాను. తీరా చూస్తే వీడు! ఆ క్షణంలో... నేను ఒకటే అనుకున్నాను. వీడు నన్ను ఓదార్చాడే అనుకున్నాను."

"పిల్లని ఏం చేశారు?"

"క్వారీ పైన ఫెర్న్ పొదల్లో పాతిపెట్టాను."

ఐవీ వచ్చి భర్త పక్కన నిలబడింది. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

*

దొడ్లోకి వచ్చాక స్టక్లీ సిగరెట్టు వెలిగించాడు. అంతలోనే ఆయన మొహం మారిపోయింది. ప్రమాదం కాస్తా హత్య అయింది. ఆ హత్య కాస్తా ఆయనదయింది.

"నాకు మొదట్నుంచీ వీడి మీద అనుమానమే," అన్నాడు.

"అలాగే కనిపించింది సార్."

"వెటకారం వద్దు. కానిస్టేబుల్స్ బిడ్‌గుడ్‌నీ స్లోమన్‌నీ పారలిచ్చి క్వారీ పైకి పంపుతున్నాను, ఆ పిల్ల కళేబరం తవ్వి తెస్తారు. నువ్వు స్టేషన్‌కి పోయి స్టేట్‌మెంట్ టైప్ చెయ్యి."

"టైప్ చేసేవాళ్ళు స్టేషన్లో ఉన్నారు సార్. నేను ఎడ్విన్ ఇంటికి వెళ్ళాలి."

"ఎందుకు?"

"మాంసం తినని మనిషికి బతికున్న పిల్ల ఎందుకు? అంతకుముందు చచ్చిన దూడలెందుకు?"

"అమ్ముకునేవాడేమో."

"పుట్టిన రోజు పిల్లని ఎవరు కొంటారు?"

"చూడు లస్కోంబ్." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చంపినవాడు దొరికాడు. ఇంక చచ్చినవాణ్ణి కూడా పట్టుకుంటానంటావా? నీకు పేరు కావాలి, అంతేగా? ఆ అంకెల సంగతి నువ్వే కనిపెట్టావని రిపోర్టులో ఒక వాక్యం రాస్తాను. ఇంటికెళ్ళు."

"వాక్యం మీరే ఉంచుకోండి," అన్నాను. "ఆ ఇంట్లో అతని అక్క ఒక్కతే ఉంది. అక్కడేముందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు."

"ఇది ఆజ్ఞ, సార్జెంట్."

"గాలి హోరు సార్. వినబడలేదు."

కారు ఎక్కి తలుపు వేశాను. అద్దంలో ఆయన ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

*

రోసమండ్ కెర్స్‌లేక్ బాత్ ఊరి నుంచి తమ్ముడి అంత్యక్రియల కోసం వచ్చి మంగళవారం నుంచీ క్వారీ ఇంట్లోనే ఉంటోంది. అరవై దాటిన మనిషి. పియానో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. నన్ను చూడగానే లోపలికి లాక్కుపోయినంత పని చేసింది.

"రా తల్లీ, కెటిల్ ఇప్పుడే పెట్టాను. మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో! ఆ కుక్క గోల తప్ప ఇంకేమీ లేదిక్కడ."

"ఏ కుక్క?"

"మా ఎడ్డీ కుక్క. వెనకాల క్వారీలో పాత మందుగుండు కొట్టు ఉందే, అందులో పెట్టాడు. వచ్చిన రోజు నుంచీ ఒకటే ఏడుపు. మొరగను కూడా మొరగదు, గొంతు పోయినట్టుంది పాపం. రంపంతో దుంగ కోస్తున్నట్టు ఉంటుంది. తలుపు కింద సందులోంచి హామ్ తోశాను, డబ్బా మాంసం తోశాను. ఎంత ఆత్రంగా తిందో!"

కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాను.

"దాన్ని చూశారా?"

"లేదు. సందు దగ్గర మూతి పెట్టి ఊపిరి వదిలితే దుమ్ము లేచేది."

"మీ తమ్ముడు మాంసం ఎప్పుడు మానేశారు?"

"లండన్‌లో ఉన్నప్పుడే. ఆ చిరుతపిల్లని తెచ్చుకున్న ఏడాది." ఆమె నవ్వింది. "నీకు తెలియదులే, అప్పట్లో కుక్కపిల్లల్ని అమ్మినట్టే అమ్మేవాళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టేవాడు. దాని కోసం మాంసం కోసి కోసి తనకి అసహ్యం పుట్టిందన్నాడు. తర్వాత చట్టం మారింది కదా, ఇళ్ళల్లో అలాంటివి ఉంచుకోవాలంటే లైసెన్సనీ తనిఖీలనీ. ఇచ్చేశానన్నాడు."

"ఎవరికి ఇచ్చారు?"

రోసమండ్ చెప్పడానికి నోరు తెరిచింది. చేతిలో చెంచా సాసర్లో పెట్టేసి పెరటి తలుపు వైపు చూసింది.

"నేను అడగలేదు," అంది. తర్వాత, "అయ్యో దేవుడా. పొద్దున గడియ తీసేశాను."

"తలుపు తెరిచారా?"

"జానెడు తీశాను. లోపల్నుంచి ఆ కంపు తట్టుకోలేక వచ్చేశాను. అదే బయటికొచ్చి తిరుగుతుందిలే అనుకున్నాను. తలుపు... తలుపు అలాగే ఉంది తల్లీ."

లేచి పెరటి తలుపు గడియ వేశాను. కిటికీలు మూయించాను. హాల్లో ఫోన్ అందుకుని చగ్ ఇంటికి చేశాను. స్టక్లీ ఇంకా అక్కడే ఉన్నాడు, వ్యాన్ కోసం కాచుకుని.

"సార్, ఎడ్విన్ దగ్గర చిరుతపులి ఉంది. కొట్టు తలుపు పొద్దుట్నుంచీ తెరిచి ఉంది. తుపాకీ పట్టగలిగినవాళ్ళు కావాలి. పశువుల డాక్టరు కావాలి."

అవతల స్టక్లీ నవ్వు వినబడింది.

"నువ్వు కూడా చూశావన్నమాట," అన్నాడు.

"ఇంకా చూడలేదు. చూసేలోగా మనుషులు రావాలి."

"వస్తున్నాను. తుపాకీతో కాదు, నీ సస్పెన్షన్‌తో."

ఫోన్ పెట్టేశాడు.

అక్కడ కూర్చుని ఉండవలసింది. తుపాకీ వచ్చేదాకా ఆగడమే పద్ధతి. కాని ఆ తలుపు తెరిచి ఉందన్న సంగతి తెలిసి కూర్చోవడం నా వల్ల కాలేదు. లోపల ఉంటే మూసెయ్యాలి. లేకపోతే లేదని తెలియాలి. రోసమండ్‌ని మేడ మీద గదిలోకి పంపి, ముందు వాకిలి నుంచి చుట్టూ తిరిగి క్వారీలోకి దిగాను.

మూడువైపులా నిటారుగా పలకరాతి గోడలు. అడుగున చదును. దాని చివర రాతి కొట్టు, వెనకవైపు ఇనుప వల బిగించిన చిన్న ఆవరణ. వల కప్పు మీద కూడా ఉంది. ఆ పక్కన కొండలోకి తొలిచిన మెట్లు పైకి పోతున్నాయి. తలుపు బయటికి తెరుచుకునేది. రోసమండ్ చెప్పినట్టే జానెడు తీసి ఉంది.

బందుల వైపు నుంచి, గోడకి వీపు రాసుకుంటూ నడిచాను. అడుగు వేసినచోటల్లా పలకరాయి చిట్లిన చప్పుడు. కంపు ముందే తగిలింది. బందుల సందుకి కన్ను ఆనించాను.

గడ్డి. నీళ్ళ బకెట్టు. గడ్డి మీద పరిచిన పాత కోటు, దాని మీద ఆ జంతువు. పసుపు ఒంటి మీద నల్ల మచ్చలు. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. గడ్డం కోటు చేతి మీద ఆనించి, తెరిచి ఉన్న తలుపునే చూస్తోంది. బయటికి పోవచ్చని దానికి తోచినట్టు లేదు. అన్నేళ్ళుగా ఆ తలుపులోంచి ఒక మనిషి లోపలికి రావడమే అది చూసింది. అతని కోసమే కాచుకుని ఉంది.

సందుకి ఇంకాస్త ఆనుకున్నాను. ఆ క్షణమే అది కళ్ళు తిప్పి సందులోంచి సూటిగా నన్ను చూసింది.

లేచింది.

తలుపుని భుజంతో తోశాను. తడికి ఉబ్బిన చెక్క కదలనంది. మళ్ళీ తోశాను. మూసుకుంటుండగా లోపల్నుంచి ఒక్క దెబ్బ తగిలింది. నా పళ్ళు కొట్టుకున్నాయి. తలుపు వెనక్కి రాబోయింది. గడియ రంధ్రంలో పడటం లేదు. రెండో దెబ్బకి నా కాళ్ళు జారాయి. పడిపోయాననే అనుకున్నాను.

నా తల పక్కనుంచి రెండు చేతులు వచ్చి తలుపు మీద పడ్డాయి.

"తొయ్యి!" అన్నాడు స్టక్లీ. "తొయ్యవే తల్లీ, తొయ్యి!"

ఇద్దరం కలిసి తోశాం. గడియ రంధ్రంలో పడింది.

ఇద్దరికీ ఊపిరి ఆడటం లేదు. ఆయన తలుపులో కంటి ఎత్తున ఉన్న ఇనుప చువ్వల కంతలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

"సరే," అన్నాడు. "ఒప్పుకున్నాను. సస్పెన్షన్ మాట మర్చిపో. జనం చూసిన పులి ఇదేనన్నమాట. ఒక్క దెబ్బతో అన్నీ తేలిపోయాయి."

"జనం చూసింది నల్లది సార్."

"సందెవెలుగులో అన్నీ నల్లగానే కనిపిస్తాయి."

"ఇది బయటికి వెళ్ళేది కాదు. పొద్దుట్నుంచీ తలుపు తెరిచి ఉన్నా గడప దాటలేదు."

"ఎందుకు లస్కోంబ్?" ఆయన నిజంగానే అలిసిపోయి అడిగాడు. "ఒక్కసారి, ఒక్కసారి అయిపోయిందని అనుకోలేవా?"

నాకూ అనుకోవాలనే ఉంది. తలుపుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. అరచేతులు చెక్క మీద ఆనించాను. కుడి చేతికి గరుగ్గా ఏదో తగిలింది. వేళ్ళతో తడిమాను. గాడి. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి.

తిరిగి చూశాను. నా తలకి మూరెడు ఎత్తున మొదలై నడుము దాకా, నాలుగేసి గీతలు. పాత చెక్క నల్లగా ఉంది. గీతల్లో చెక్క తెల్లగా, నిన్ననో మొన్ననో చీల్చినట్టు ఉంది. గడప దగ్గర పేళ్ళు రాలి ఉన్నాయి.

"సార్. ఇవి చూడండి."

"ఆకలికి తలుపు గీకింది. దానికేం?"

"మనం బయట ఉన్నాం సార్."

ఆయనకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. సిగరెట్టు నోటిదాకా పోలేదు.

కొట్టు లోపల చిరుత అరిచింది. రోసమండ్ చెప్పినట్టే, మొండి రంపంతో దుంగ కోస్తున్నట్టు, లాగి లాగి. ఆగింది. క్వారీ గోడల్లో ఆ చప్పుడు తిరిగి తిరిగి అణిగిపోయింది. అంతా అణిగాక, పైనుంచి, ఫెర్న్ పొదల వైపు నుంచి అదే రంపం వినబడింది. ఇంకాస్త బరువుగా.

"ప్రతిధ్వని," అన్నాడు స్టక్లీ.

లోపలిది ఈసారి నోరు తెరవలేదు. పైనుంచి మళ్ళీ వచ్చింది.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన మొహంలో రక్తం లేదు.

"పైన మనవాళ్ళున్నారు," అన్నాడు. "గొర్రెపిల్లని తవ్వుతున్నారు. పారలు తప్ప చేతుల్లో ఏమీ లేవు."

"రేడియో?"

"ఈ గోతిలో పనిచెయ్యదు."

అంటూనే మెట్ల వైపు పరుగెత్తాడు. ఆయన్ని నేను ఎన్నో రకాలుగా తిట్టుకున్నాను గాని, ఆ మెట్లు నాకంటే ముందు ఎక్కింది ఆయనే. తడి రాయి మీద జారుతూ, చేతులతో పాకుతూ, గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"బిడ్‌గుడ్! స్లోమన్! పారేసి వచ్చెయ్యండ్రా! బిడ్‌గుడ్!"

సగం మెట్ల దగ్గర ఆయన్ని అందుకున్నాను. పైన ఆకాశం, దాని అంచున గోధుమరంగు ఫెర్న్ పొదలు. మనుషులు కనబడటం లేదు. తవ్వుతున్న చప్పుడు లేదు. ఇద్దరం ఆగి, ఊపిరి బిగబట్టి విన్నాం.

జవాబు దగ్గర్లోంచే వచ్చింది. మనిషిది కాదు.